మీటరు బోర్డులో నూకయ్య దగ్గు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సైరను కూసే వేళకి మలంచా పేటలో ఓ సందులోంచి సైకిళ్లూ మోటారు సైకిళ్లూ బయటికొచ్చేస్తాయి. గిరిబాబు క్యారేజీ హ్యాండిలుకి తగిలించుకుని స్టోర్స్‌లో డ్యూటీకి ఎల్లిపోతాడు. అతని పెళ్లాం ఇందు గ్రైండర్లో మినప్పప్పు ఏస్తాది. ప్రేమ్ బజార్లో టిఫిన్ కొట్లకి పిండి రుబ్బి ఇచ్చేది ఆవిడే. అత్తగారు చిలకమ్మ గుమ్మంలో పీట ఏసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తాది. మనవరాలు మౌనిక, తొమ్మిదేళ్ల గుంట, ఒక కాలికి సాక్సు ఏసుకుని రెండోదాని కోసం ఇల్లంతా తిరుగుతాది. ఇంతట్లో పక్కింటి బెంగాలీ దీదీ నీళ్లు కాచుకునే రాడ్డు పట్టుకుని లోపలికొచ్చి, మీటరు బోర్డు కింద నిలబడి దాన్ని పైకెత్తి చూపిస్తాది.

బోర్డులోంచి దగ్గు వస్తాది. ముందు పొట్టిది ఒకటి, వెనకాల పొడుగ్గా సాగేది ఒకటి.

అయితే ఇది పనికిరాదన్నమాట అనుకుని దీదీ రాడ్డు తీసుకుని ఎల్లిపోతాది. పారేసి కొత్తది కొనుక్కుంటాది.

ఆ దగ్గు చిలకమ్మ మొగుడు నూకయ్యది. ముప్పై ఆరేళ్లు వర్క్‌షాపులో కరెంటు పని చేసినాడు. బీడీ పొగ సగం, షాపులో దుమ్ము సగం కలిసి తయారైన దగ్గది. రెండేళ్ల కిందట మనిషి పోయినాడు గాని దగ్గు పోలేదు. కరెంటు దగ్గర ఎవరైనా తెలీక తప్పు చెయ్యబోతే బోర్డులోంచి వస్తాది. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోబోతే వస్తాది. తెగిన తీగ ప్లగ్గులో పెట్టబోతే వస్తాది. సందులో వాళ్లందరికీ అలవాటే. మీటరు చూసే మనిషి నెలనెలా వచ్చి, "క్యా నూకయ్య దాదా, ఠీక్ హై?" అని పలకరించి, అంకెలు రాసుకుని ఎల్లిపోతాడు.

ఆ బోర్డు మీద ఇంకో సంగతి ఉంది. వర్క్‌షాపులో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉండేది. మిషనులో చెయ్యి పెట్టే ముందు కరెంటు తీసేసి, ఆ స్విచ్చికి తన బిళ్ల తగిలించాలి. తగిలించినోడే వచ్చి తియ్యాలి. మధ్యలో పెద్ద సాహెబు వచ్చినా దాన్ని ముట్టుకోడు. బిళ్ల ఉందంటే లోపల మనిషి ఉన్నాడని. రిటైరైన రోజు నూకయ్య ఇత్తడి బిళ్ల వెనక్కిచ్చేసి, ఇంటికొచ్చి రేకు ముక్క మీద అదే నంబరు మేకుతో కొట్టుకున్నాడు, ఇంటి పనికి.

తను చనిపోయిన రోజు పొద్దున్న వెనక గదిలో ఫ్యాను బాగు చేద్దామని ఆ గది ఫ్యూజు పీకి, రేకు బిళ్ల తగిలించినాడు. టీ తాగి చేద్దాంలే అని మంచం మీద కూసున్నాడు. అంతే.

ఆ బిళ్ల అలాగే ఉండిపోయింది. గిరిబాబుదీ వర్క్‌షాపు బతుకే కదా, ఎలా తీస్తాడు. ఇందు కూడా అడగలేదు. రెండేళ్లుగా వెనక గదికి కరెంటు లేదు. పాత పరుపులూ, ఎండు కొబ్బరికాయలూ అక్కడ పడుండేవి.

ఆ గదిలోకి మౌనిక దూరింది ఎండాకాలం సెలవల్లో.

అప్పలకొండ అని, తోపుడు బండి మీద పాత సామాను ఏరుకునే ముసలాయన ఒకడున్నాడు. హిజ్లీలో కాలేజీ హాస్టళ్లలో పిల్లలు చదువు ముగించి ఎల్లిపోయేటప్పుడు పారేసినవన్నీ అతని బండిలోకే వస్తాయి. ఓ రోజు మంచినీళ్లకని ఆగి, ఆగిపోయిన గోడ గడియారం ఒకటి మౌనికకి ఇచ్చినాడు. ఆ గుంట దాన్ని వెనక గదికి పట్టుకెళ్లి, పెరటి తలుపు తీసుకుని, ఎలుతురులో కూసుని విప్పేసినాది. మళ్లీ బిగిస్తే రెండు చక్రాలు మిగిలిపోయినాయి. అయినా ముళ్లు తిరిగినాయి, వెనక్కి.

అక్కడ్నుంచి మరి ఆగలేదు. పాట రాని స్పీకరు, అంకెలు సగమే కనపడే కాలిక్యులేటరు, ఒక చక్రం ఊడిన బొమ్మకారు. టార్చి సెల్లుకి చిన్న మోటారు కలిపి, మోటారుకి ఇందు జడ పిన్నూ అట్టముక్కా తగిలించి ఫ్యాను చేసి, చిలకమ్మ మొహానికి పెట్టినాది. గాలి ఈగ రెక్క కొట్టుకున్నంత. చిలకమ్మ కళ్లు మూసుకుని, "సల్లగుందే" అన్నాది.

ఆవిడ సంతోషం గాలికి కాదు. తప్పులు చేసే మనిషి ఇంట్లో దొరికినందుకు.

నూకయ్య పోయేక చిలకమ్మకి మాట తగ్గిపోయినాది. దగ్గు వచ్చినప్పుడు మాత్రం మొహం ఎలిగేది. కాని పెద్దాళ్లు తప్పులు చెయ్యరు కదా. వారానికోసారి, పదిరోజులకోసారి, అదీ పక్కింటి రాడ్డు పుణ్యం. మౌనిక మొదలెట్టినాక రోజుకి పదిసార్లు వచ్చేది. ఏదైనా ప్లగ్గులో ఉండగానే మూత విప్పబోతే దగ్గు. సెల్లు రెండు కొసలూ ఒకే తీగతో కలిపేయబోతే దగ్గు. కారిన సెల్లు ముట్టుకుని ఆ చెయ్యి నోట్లో పెట్టుకోబోతే రెండు దగ్గులు.

చిలకమ్మ కూడా కూసుని చూసేది. బడి మొహం చూడని మనిషి, కరెంటంటే ఏటో తెలీదు, మొగుడి దగ్గు మాత్రం తెలుసు. "తాత ఒద్దంతన్నాడు, ఎందుకో ఆలోసించు," అనేది. మౌనిక ఆలోచించేది. తెలీకపోతే సాయంత్రం నాన్నని ఏదో బడి లెక్కలాగ అడిగేది. అలాగ ఒకటొకటీ తెలిసినాయి. గోడ కరెంటు పెద్దాళ్లదీ, సెల్లు కరెంటు పిల్లలదీ. విప్పే ముందు ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని చూసుకోవాలి. చేతులు పొడిగా ఉండాలి, గాజులు తీసి పక్కన పెట్టాలి. పక్కన పెద్దాళ్లుండాలి.

బతికుండగా నూకయ్య ఇలాగ చెప్పిన మనిషి కాదు. గిరిబాబు ఆరేళ్లప్పుడు ప్లగ్గు కన్నంలో కత్తెర పెట్టినాడు. అరిచేతిలో మచ్చ ఇప్పటికీ ఉంది. అది మానక ముందే వాళ్ల నాన్న బెల్టు తీసినాడు. మళ్లీ జన్మలో పానా ముట్టుకోనివ్వలేదు. అందుకే గిరిబాబు షాపులోకి ఎల్లకుండా స్టోర్స్‌లో రిజిస్టర్ల దగ్గరకి పోయినాడు. కొట్టి చెప్పిన మనిషి పోయేక దగ్గి చెప్తున్నాడని చిలకమ్మ మనసులో అనుకునేది.

ఓ ఆదివారం గిరిబాబు ఇంట్లో ఉండగా బోర్డు మూడుసార్లు దగ్గినాది, ఊపిరాడనట్టు. అతను పరుగెత్తుకెళ్లి చూస్తే మౌనిక చేతిలో పాత ఫోను బ్యాటరీ, పూరీలాగ ఉబ్బినది. రెండో చేతిలో కత్తెర. దగ్గుకి గుంట అప్పటికే కత్తెర కింద పెట్టేసినాది. గిరిబాబు చూసింది కత్తెరనే. అరవలేదు, కొట్టలేదు. ఆ బ్యాటరీని ఇసక పోసిన డబ్బాలో పెట్టి పెరట్లో దూరంగా ఉంచి, చేతులు కడుక్కుని వచ్చి, వచ్చే నెల మొదటి శనివారం అప్పలకొండ బండి వస్తాది, ఆ గదిలో ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు అన్నాడు.

మౌనిక ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు లేచి, ఉన్న రోజులు వాడుకుందామన్నట్టు మళ్లీ వెనక గదిలోకి ఎల్లిపోయినాది. ఇప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క పనీ తాత చూస్తున్నట్టే చేసేది.

దాంతో దగ్గు ఆగిపోయినాది.

ఒక రోజు, రెండు రోజులు, వారం. చిలకమ్మ బోర్డు కింద పీట ఏసుకుని కూసునేది. ఓ మధ్యాన్నం ఎవరూ చూడకుండా చెయ్యి తడుపుకుని స్విచ్చి దగ్గర పెట్టినాది. ఏమీ లేదు. తెలిసి చేసేవాళ్ల కోసం నూకయ్య దగ్గడు. "మొండోడివి," అని బోర్డుని తిట్టి, చెయ్యి కొంగుతో తుడుచుకున్నాది.

శనివారం వచ్చేసినాది. ఇది దాటితే ఈ ఇంట్లో తెలీక తప్పు చేసేవాళ్లు ఎవరూ మిగలరు. నూకయ్య ఇంక ఎవరి కోసం దగ్గుతాడు?

ఆ రోజు మౌనికకి బడి లేదు. ఇందు గ్రైండర్లో పప్పు ఏసి, "అత్తా, కుంచెం సూస్తూ ఉండు," అని చెప్పి, ముందు రుబ్బిన పిండి డబ్బాలు స్కూటీ మీద పెట్టుకుని ప్రేమ్ బజారుకి ఎల్లినాది. చిలకమ్మ మంచం కిందనుంచి పాత ఇస్త్రీపెట్టె తీసినాది. దాని ప్లగ్గు మూత పగిలి లోపలి రాగి తీగలు పళ్లలాగ కనపడుతున్నాయి. ఎప్పుడో దీనికే నూకయ్య దగ్గినాడు. చీర కొంగు చేతికి చుట్టుకుని దాన్ని హాల్లో గోడ ప్లగ్గులో పెట్టి, స్విచ్చి ఏసినాది. 

ముట్టుకోక ముందే దగ్గుతాడు. ఎప్పుడూ ముందే దగ్గుతాడు. ఒక్కసారి వింటే చాలు.

"మౌనికా, ఇలా రాయే. ఈ పెట్టి ఏటో పాడైనాది, సూడు."

మౌనిక వచ్చినాది. పెట్టె చూసినాది. తీగ వెంబడే కళ్లతో గోడ దాకా నడిచినాది. అక్కడ ఆగినాది.

"మామ్మా, ఇది గోడలో ఉంది."

"ఉంటే ఏటి?"

"ప్లగ్గు పగిలుంది కదే. పీకుదామన్నా సెయ్యి తగులుతాది." గుంట రెండడుగులు వెనక్కేసి, చెప్పులేసుకుని వచ్చి, మామ్మకి కూడా చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టినాది. "నువ్వు మెయిను దించు. నాను దించకూడదు, సిన్నదాన్ని."

చిలకమ్మ బోర్డు వైపు చూసినాది. బోర్డు ఊరుకున్నాది. మనవరాలు చెప్పినట్టు చెప్పుల్లో కాళ్లు పెట్టి, చెయ్యి తుడుచుకుని, మెయిన్ స్విచ్చి పిడి కిందకి లాగినాది. గ్రైండరు మూలిగి ఆగిపోయినాది. ఫ్యాను మెల్లగా నిలిచిపోయినాది. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

మౌనిక స్టూలెక్కి, మెడలోంచి బడి ఐడీ కార్డు తీసి ఆ పిడికి తగిలించినాది. దిగి, ప్లగ్గు పీకి, ఇస్త్రీపెట్టెని రెండు చేతులతో కడుపుకానించుకుని వెనక గదిలోకి ఎల్లిపోయినాది.

చిలకమ్మ గోడకి జారబడి కింద కూసున్నాది. ఏటి చేసినానో, ఎవర్ని పణం పెట్టినానో అప్పుడు తెలిసినాది.  ఏడవడానికి కూడా సిగ్గేసినాది.

శనివారాలు గిరిబాబు మధ్యాన్నానికే వచ్చేస్తాడు. దారిలో ఇందు కలిసినాది, ఇద్దరూ ఒకేసారి గుమ్మం ఎక్కినారు. బయట అప్పలకొండ బండి కూడా వచ్చి ఆగినాది. ఇల్లు ఉడికిపోతున్నాది. ఇందు గ్రైండరు మూత తీసి చూసి, సగం నలిగిన పప్పుని చూసి, కరెంటు పోయిందా అన్నాది. పక్కింట్లో ఫ్యాను తిరుగుతున్నాది. గిరిబాబు తిన్నగా బోర్డు దగ్గరికెళ్లి పిడి మీద చెయ్యేసినాడు.

చెయ్యి అలాగే ఉండిపోయినాది. పిడికి నీలం పట్టీతో కార్డు వేలాడుతున్నాది. కార్డులో ఫొటో, రెండు జడలూ, ముందు పన్ను లేని నవ్వూ.

"ఎత్తండి మరి," అన్నాది ఇందు. "పిండి పులిసిపోతాది."

గిరిబాబు చెయ్యి తీసేసినాడు. పిడి మీంచి కాదు, దేవుడి పటం మీంచి తీసినట్టు తీసినాడు.

"ఎత్తకూడదు. మనిసి పనిలో ఉంది."

ఇందు ఒకసారి కార్డు వైపూ, ఒకసారి పక్కనున్న రేకు బిళ్ల వైపూ చూసినాది. కొంగుతో విసురుకుంటూ కూసున్నాది. అప్పలకొండ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏటి బాబూ, సామాన్లు తెస్తారా, నన్ను ఎండబెట్టేస్తారా," అన్నాడు. గిరిబాబు ఉండమని చెయ్యి చూపించినాడు.

పనిలో ఉన్న మనిషిని చూడొచ్చు, తొందరపెట్టకూడదు. అదీ షాపు పద్ధతే. గిరిబాబు వెనక గది గుమ్మం దగ్గర గొంతుక్కూసున్నాడు. మౌనిక చూడలేదు. గాజులు కిటికీలో పెట్టి ఉన్నాయి. పగిలిన ప్లగ్గు విప్పి, మూడు తీగలూ ఏది ఎక్కడుందో కాయితం మీద బొమ్మ గీసుకుంటున్నాది. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది ఇద్దరికీ. చాలాసేపైనాక తలెత్తి నాన్నని చూసి భయపడినాది.

"నాను బాగు సెయ్యలేదు నాన్నా. కొత్త ప్లగ్గు కావాలి. సూసినానంతే."

"ఊఁ," అన్నాడు గిరిబాబు. "అయిపోయిందా నీ పని?"

"అయిపోయింది."

"అయితే వచ్చి నీ కార్డు తీసుకో. మీ యమ్మ ఉడికిపోతన్నాది."

గుంట స్టూలెక్కి కార్డు తీసి మెడలో ఏసుకున్నాది. గిరిబాబు పిడి ఎత్తినాడు. గ్రైండరు తిరిగినాది. అప్పుడు చిలకమ్మ కూసున్న చోటునుంచే, తలెత్తకుండా, పెట్టె ప్లగ్గులో పెట్టింది తానేనని చెప్పేసినాది. ఎందుకో కూడా చెప్పినాది.

 ఇందు గ్రైండరు ఆపేసినాది.

"నా కోసమైతే ఒక్కసారీ దగ్గలేదమ్మా నాన్న," అన్నాడు గిరిబాబు, అరిచెయ్యి చూసుకుంటూ. కోపం లేదు గొంతులో. "దీనికి దగ్గినాడు. అది ఇన్నాది కూడా. నువ్వు మరెప్పుడూ ఇలాగ సెయ్యకు."

"సెయ్యను," అన్నాది చిలకమ్మ.

అతను బయటికెళ్లి, తీసికెళ్లడానికి ఏమీ లేదనీ, బండిలో ఏమైనా మంచివుంటే దించి పొమ్మనీ అప్పలకొండకి చెప్పినాడు. అప్పలకొండ గొణుక్కుంటూ పెద్ద రేడియో ఒకటి దించినాడు. ఆ గదికి మళ్లీ కరెంటు ఇద్దామా అని ఇందు అడిగితే, "ఒద్దు. ఇంట్లో పిల్లలు ఆడుకోడానికి అంత మంచి గది ఇంకోటి నేదు," అన్నాడు. పెరటి తలుపు మాత్రం ఇంకా ఎడల్పు చేయించినాడు, ఎలుతురు రావడానికి.

ఆదివారాల్లో సందులో పిల్లలందరూ రావడం మొదలెట్టినారు. తెలుగోళ్లూ, బెంగాలీలూ, బిలాస్‌పూర్‌నుంచి బదిలీ మీద వచ్చిన గార్డు గారి కవలలూ. స్క్రూలకి పెరుగు కప్పులు, సెల్లులకి సబ్బు డబ్బా. ఎవరు మొదటి మూత విప్పాలన్న దాని మీద రెండు భాషల్లో దెబ్బలాట. చిలకమ్మ గుమ్మంలో కూసునేది. గిరిబాబు ఇంట్లో ఉంటే వచ్చి, ముందు నిలబడి, తరవాత కూసుని, తరవాత ఎవరో పిల్లాడి చేతిలోంచి స్క్రూడ్రైవరు అడిగి తీసుకునేవాడు. నలభై ఏళ్లకి మొదటిసారి మోటారు విప్పి, లోపల రాగి తీగ చుట్ట చూసి, "ఓలమ్మ, ఇంతుందేటి," అనుకున్నాడు. బోర్డు మాత్రం పలకలేదు. చిలకమ్మ దాని వైపు చూడడం మానేసినాది. చూస్తే పిల్లల మీద ధ్యాస పోతాదని.

ఓ ఆదివారం అప్పలకొండ పాత డబ్బా టీవీ ఒకటి తెచ్చి గదిలో దించి ఎల్లినాడు. గిరిబాబు బజారుకెళ్లినాడు. పిల్లలు దాని చుట్టూ మూగినారు. ప్లగ్గు ఎక్కడా పెట్టి లేదు, తీగ కూడా కోసేసి ఉంది. మౌనిక రెండుసార్లు చూసి, పరవాలేదన్నాది. పక్కింటి దీదీ మనవరాలు శ్రావణి వెనక మూతకి స్క్రూడ్రైవరు ఆనించినాది.

దగ్గు వచ్చినాది. ముందు పొట్టిది, వెనకాల పొడుగ్గా సాగేది.

పిల్లలందరి చేతులూ ఒక్కసారి వెనక్కొచ్చినాయి. అందరూ బోర్డున్న గోడ వైపు కాకుండా గుమ్మం వైపు చూసినారు. చిలకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఆవిడకి జలుబు లేదు. ఎందుకు దగ్గిందో ఆవిడకీ తెలీదు.

గిరిబాబు వచ్చి చెప్పేడు, డబ్బా టీవీలకి ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు దాగుంటాదని, పెద్ద మెకానిక్కులు కూడా భయపడతారని. టీవీని అతనే ఎత్తుకెళ్లి సందు చివర ఆగున్న అప్పలకొండ బండికి అందించినాడు. పిల్లలు మామ్మా, మామ్మా, మరి ఇది విప్పొచ్చా, అది విప్పొచ్చా అని ఒక్కొక్క సామానూ ఆవిడ ముందు పెట్టడం మొదలెట్టినారు. కొన్నిటికి ఊరుకున్నాది. ఒకదానికి దగ్గినాది. దీదీ కూడా కొత్త రాడ్డు పట్టుకుని వచ్చి, బోర్డు దాటి తిన్నగా వెనక గది గుమ్మానికే వచ్చినాది.

కుంచెంసేపటికి ఇందు టీ తెచ్చి అత్తగారికి అందించబోయినాది. చిలకమ్మ అందుకోలేదు. పెదాలు గట్టిగా మూసుకుని ఉంది, నోట్లో ఏదో తీపి దాచుకున్న గుంటలాగ. కాపురం చేసినన్నాళ్లూ ఏ వాసనకి మొగుణ్ని వాకిట్లోకి తరిమేసేదో, ఆ బీడీ వాసన నాలిక మీద ఇంకా ఉంది.

"ఆ పక్కన పెట్టు," అన్నాది. "తరవాత తాగుతాను."